డల్లాస్‌లో సెకండ్ హ్యాండ్ మియాటా: ఎన్‌బీ కొనాలా, ఎన్‌సీకి వెళ్లాలా?

ఫ్రిస్కో_శీను
అందరికీ నమస్కారం. ఇంట్లో పిల్లలకీ, సామాన్లకీ సియెన్నా వ్యాన్ ఉంది. రెండో కారుగా మాజ్డా మియాటా (టాప్ తీసేయగలిగే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) చూస్తున్నా. వారానికి రెండు రోజులు ఆఫీసు, మిగతాది వీకెండ్ డ్రైవింగ్. బడ్జెట్ 10 వేల డాలర్లు, రిపేర్లకి ఇంకో 2 వేలు పక్కన ఉంచా. 1999–2005 తరం (ఎన్‌బీ), 2006–2015 తరం (ఎన్‌సీ) రెండూ ఈ రేంజ్‌లో దొరుకుతున్నాయి. 140 హార్స్‌పవర్ బండి మీద జనానికి ఇంత మోజు ఎందుకు? చూడ్డానికి వెళ్లినప్పుడు ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలి? డబ్బులు ఎక్కడ కారతాయి? నా ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పానా_పట్టినోడు
శీనూ, మోజు సంగతి ముందు. ఎన్‌బీ బరువు సుమారు 2,350 పౌండ్లు. సిగ్నల్ దగ్గర పక్కనున్న వీ6 కామ్రీ నిన్ను సునాయాసంగా దాటేస్తుంది, దానికి సిద్ధపడి కొను. దీని మజా వేగంలో లేదు. బరువు తక్కువ, ఇంజిన్ ముందు చక్రాల యాక్సిల్ కంటే వెనక్కి జరిగి ఉంటుంది, నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్లు (చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లతో పట్టే సస్పెన్షన్). అందుకే స్టీరింగ్ ఇలా అనగానే ముక్కు అలా తిరుగుతుంది. 500 హార్స్‌పవర్ కారుని దాని హద్దు దాకా తోలాలంటే రేస్ ట్రాక్ కావాలి. మియాటాలో సెకండ్ గేర్ రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగలిగే గరిష్ఠ వేగం) దాకా లాగినా హైవే మీద టికెట్ పడకుండా బయటపడొచ్చు.

రెండో లాభం జేబుకి. బరువు తక్కువ కాబట్టి బ్రేక్ ప్యాడ్లూ, రోటర్లూ చిన్నవి, చవక, పైగా చాలాకాలం వస్తాయి. ఇంజిన్ ఆయిల్ 4 క్వార్ట్‌లు చాలు. ఎన్‌బీ గ్యాలన్‌కి 25 మైళ్ల దాకా ఇస్తుంది.

ఇక చూడాల్సినవి. ఎన్‌బీ అయితే ఈ వరసలో చూడు:

క్లచ్ రిజర్వాయర్ మూత తీసి చూడు. ద్రవం నల్లగా ఉన్నా, అడుక్కి దిగినా స్లేవ్ సిలిండర్ (గేర్‌బాక్స్ దగ్గర క్లచ్‌ని నెట్టేది) పోయిందనో పోబోతోందనో లెక్క. రివర్స్ వేస్తే గరగరలాడుతుంది. పార్టు చవకే, గేర్‌బాక్స్ పక్కన రెండు బోల్టులతో ఉంటుంది, కింద నుంచి మార్చేయొచ్చు. కానీ స్లేవ్ ఒక్కటే కొత్తది వేస్తే పెడల్ దగ్గరుండే పాత మాస్టర్ సిలిండర్ సీళ్లు కొన్నాళ్లకే చేతులెత్తేస్తాయి, రెండూ కలిపి మార్చు. డాట్ 3 ద్రవం పోసి గాలి తీయాలి.

రేడియేటర్ పై ట్యాంక్ ప్లాస్టిక్‌ది. కొత్తలో నల్లగా ఉంటుంది. ముదిరాక ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకి తిరుగుతుంది. ఆ రంగు కనబడితే పగులు ఇవాళో రేపో అన్నట్టే, కొత్త రేడియేటర్ ఖర్చు బేరంలో తగ్గించమను.

టైమింగ్ బెల్ట్ 60 వేల మైళ్లకి. మార్చామంటే బిల్లు అడుగు. బిల్లులో వాటర్ పంప్, టెన్షనర్, ఐడ్లర్, ముందువైపు ఆయిల్ సీళ్లు కూడా ఉన్నాయా చూడు. బెల్ట్ ఒక్కటే మార్చి పంప్ వదిలేస్తే, అది లీకైన రోజు అదే కూలీ మళ్లీ ఇవ్వాలి.

1999, 2000 బండ్లలో ఒక చెడ్డ రోగం ఉంది, థ్రస్ట్ బేరింగ్ (ఇంజిన్ క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేది) అరిగిపోవడం. అన్నిటికీ రాదు, వస్తే మాత్రం ఇంజిన్ దించాల్సిందే. ఇంజిన్ ఆపి ఒకరు క్లచ్ నొక్కి వదులుతూ ఉండాలి, ఇంకొకరు ముందు నుంచి టార్చ్ వేసి క్రాంక్ పుల్లీని చూడాలి. పుల్లీ ముందుకీ వెనక్కీ జరగడం కంటికే తెలుస్తుంటే దండం పెట్టి వచ్చేయ్.

ఇంజిన్ వెనక, ఫైర్‌వాల్ వైపు ఆయిల్ తడి ఉంటే భయపడకు. చాలావరకు వాల్వ్ కవర్ గ్యాస్కెట్ అయి ఉంటుంది. పార్టు చిల్లర ఖర్చే, చెయ్యి దూరడమే కష్టం.

ఒహాయో_తుప్పు
పై లిస్టు బాగుంది, కానీ నేనైతే ఇంజిన్ కంటే ముందు బాడీ చూస్తా. ఈ ఇంజిన్ ఓపికగా చూసుకుంటే 2 లక్షల మైళ్లు నడుస్తుంది. బాడీకి తుప్పు పట్టిందా, ఏ మెకానిక్కూ తిరిగి తేలేడు.

చూడాల్సిన చోటు వెనక చక్రానికి సరిగ్గా ముందు, డోర్ కింద ఉండే సిల్ చివర. అక్కడ పెయింట్ చిన్న పొక్కుల్లా లేచిందంటే లోపల రేకు అప్పటికే తినేసింది, పొక్కు చివరి దశ. బొటనవేలితో గట్టిగా నొక్కు. ఒక పల్చటి అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లు, సిల్ పొడుగునా జరుపు. అంటుకోని చోట పుట్టీ కొట్టి పెయింట్ వేశారు.

తుప్పుకి అసలు కారణం రోడ్డు మీద ఉప్పు ఒక్కటే కాదు. టాప్ మీద పడిన వాన నీళ్లు సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న డ్రెయిన్లలోకి దిగి, వెనక చక్రాల ముందు కింద నుంచి బయటికి పోవాలి. ఆకులూ దుమ్మూ చేరి డ్రెయిన్ మూసుకుపోతే ఆ నీళ్లు పొంగి సిల్ లోపలికీ, కార్పెట్ కిందికీ చేరతాయి. అందుకే ఉప్పు ఎరగని టెక్సాస్ బండి సిల్ కూడా లోపల నుంచి కుళ్లొచ్చు. పరీక్ష తేలిక: టాప్ సగం పైకెత్తి, మూలలో ఒక కప్పు నీళ్లు మెల్లగా పోసి కిందికి వంగి చూడు. ధారగా వస్తే సరి. చుక్క చుక్కగా వచ్చినా, రాకపోయినా మూసుకుపోయినట్టే. శుభ్రం చేయడానికి గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వాడే లావు నైలాన్ తీగ వాడు. ఇనప తీగ తోస్తే గొట్టానికి చిల్లు పడుతుంది, తర్వాత ఎంత శుభ్రం చేసినా నీళ్లు లోపలికే.

ఎన్‌బీలో ఇంకోటి, ముందు ఫ్రేమ్ రెయిల్స్ (బండి ముందు భాగాన్ని మోసే రేకు దూలాలు). సస్పెన్షన్ దగ్గర రేకులు పొరలుగా ఉంటాయి, మా వైపు ఉప్పు రాష్ట్రాల బండ్లకి మధ్యలో కుళ్లుతుంది. నీకు సలహా ఏమిటంటే కార్‌ఫ్యాక్స్‌లో (కారు చరిత్ర రిపోర్ట్) ఒహాయో, మిషిగన్, న్యూయార్క్ పేర్లు కనబడితే లిఫ్ట్ ఎక్కించకుండా అడ్వాన్స్ ఇవ్వకు.

లెక్కల_మాస్టారు
అందరూ కారు పాడవడం గురించే చెబుతున్నారు, మనిషి సంగతి నేను చెబుతా. డల్లాస్ హైవేల నిండా పికప్ ట్రక్కులే. 2,400 పౌండ్ల మియాటా, 4,800 పౌండ్ల ట్రక్కు చెరో 30 మైళ్ల వేగంతో ఎదురెదురుగా గుద్దుకున్నాయనుకోండి. రెండూ ఇరుక్కుపోయి ట్రక్కు వెళ్తున్న వైపే 10 మైళ్ల వేగంతో కదులుతాయి. ట్రక్కు వేగంలో వచ్చిన మార్పు 20 మైళ్లు. మియాటాలో మార్పు 40. ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా ఈ లెక్క మారదు. తేలిక కారు బ్రేకు పడటంలో, తప్పుకోవడంలో గెలుస్తుంది, గుద్దుకోవడంలో ఓడిపోతుంది.

ఇంకా, ఈ కారు మొత్తం ఎత్తు 4 అడుగులే. పక్క లేన్ ట్రక్కు అద్దంలో మీరు కనిపించరు. ట్రక్కుకి పక్కపక్కనే ప్రయాణించకండి, వెనకైనా ఉండండి, ముందుకైనా వెళ్లిపోండి. పగలు కూడా హెడ్‌లైట్లు వేయండి.

ఎన్‌బీలో సీట్ల వెనక రక్షణ హూప్‌లు లేవు. రోల్ బార్ (బోల్తా పడితే తలని కాచే ఇనప గొట్టం) వేయించుకోవచ్చు, కానీ మీ ఎత్తుకి అది తలకి ఎంత దూరంలో ఉంటుందో కూర్చుని కొలవండి. హెల్మెట్ లేకుండా రోజూ తిరిగేటప్పుడు తల వెనక ఇనప గొట్టం ఉండటం కూడా ప్రమాదమే. గట్టి ప్యాడింగ్ తప్పనిసరి.

హైవే రొద గురించి ఒక అంకె: 5 గేర్ల ఎన్‌బీ 75 మైళ్ల దగ్గర సుమారు 3,900 ఆర్‌పీఎంలో ఉంటుంది. 6 గేర్లది తీసుకుంటే నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటారు. అందులో గేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి తప్ప ఆరో గేర్ వల్ల హైవే మీద పెద్ద తేడా రాదు. ఆఫీసు 30 మైళ్లయితే దీన్ని లెక్కలో పెట్టుకోండి.

ఫ్రిస్కో_శీను
చాలా థాంక్స్ అందరికీ. మాస్టారూ, ఆఫీసు ప్లేనోలోనే, హైవే తక్కువ. నా ఎత్తుకి లోపల పడతానా అన్నది ఎవరూ చెప్పలేదు. ఇంకో చిలిపి ప్రశ్న: తేలికదనమే గొప్పదైతే కొన్నాళ్లు డబ్బు కూడబెట్టి లోటస్ ఎలీజ్‌కి (ఇంకా తేలికైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) వెళ్తే?

గార్లాండ్_గ్యారేజ్
6 అడుగుల 1 అంగుళం అంటే ఎన్‌బీలో అంచు మీద ఉన్నావ్ తమ్ముడూ. స్టీరింగ్ పైకీ కిందికీ కదలదు, లోపలికీ బయటికీ రాదు. మోకాలు స్టీరింగ్‌కి తగులుతుంది, టాప్ వేస్తే జుట్టు గుడ్డకి రాసుకుంటుంది. సీటు ఫోమ్ కోసి ఒక అంగుళం దించుకునేవాళ్లున్నారు. అంత తిప్పలు ఎందుకు, ఎన్‌సీలో కూర్చో ఒకసారి. లోపల విశాలం, స్టీరింగ్ కనీసం పైకీ కిందికీ సర్దుకోవచ్చు.

ఎన్‌సీని లావు మియాటా అని వెక్కిరిస్తారు. బరువు దాదాపు 2,500 పౌండ్లు, అంటే ఇద్దరు మనుషులెక్కిన ఎన్‌బీ కంటే తక్కువే. 2.0 లీటర్ ఇంజిన్, సుమారు 167 హార్స్‌పవర్, బెల్ట్ బదులు చైన్. 2007 నుంచి మడిచే హార్డ్‌టాప్ కూడా ఉంది. 80 పౌండ్లు ఎక్కువ బరువు, కానీ ట్రంక్ చోటు తినదు. ఏప్రిల్, మే వడగళ్లకి గుడ్డ టాప్ కంటే అదే నయం. హార్డ్‌టాప్ అయినా, గుడ్డదైనా ఇన్సూరెన్స్‌లో కాంప్రహెన్సివ్ కవర్ తీసేయకు.

ఎన్‌సీ బలహీనత ఆయిల్. కొన్ని ఇంజిన్లు తాగుతాయి. రెండు ఫిల్లింగులకోసారి డిప్‌స్టిక్ చూడాలి. లెవెల్ కిందికి పోయినా గమనించక వంపుల్లో గట్టిగా తోలితే రాడ్ బేరింగులు పోతాయి. దానికి ప్రీమియం పెట్రోల్ సిఫారసు అని కూడా గుర్తుంచుకో. స్పేర్ టైర్ రాదు, పంక్చర్ కిట్టే.

గుడ్డ టాప్ బండి ఏది కొన్నా పార్కింగ్‌లో డోర్ లాక్ చేయకపోవడమే చాలామంది పద్ధతి. లోపల ఏమీ వదలకూడదు, దొంగ తలుపు తీసి చూసుకుని పోనీ. 5 డాలర్ల చార్జర్ కోసం దొంగ టాప్ చించితే కొత్త టాప్ నీ జేబులోంచే.

పానా_పట్టినోడు
ఎలీజ్ గురించి: అమెరికాలో 2005 నుంచి 2011 మోడల్ దాకా అమ్మారు. బరువు 2,000 పౌండ్ల లోపే, ఇంజిన్ టయోటాది, 190 హార్స్‌పవర్. ఇంజిన్ సంగతి ఎవడైనా చూస్తాడు, చిక్కంతా శరీరంతోనే. ఛాసిస్ అల్యూమినియం ముక్కల్ని జిగురుతో అతికించి చేసింది, మొదటి ఎలీజ్‌లో దాని బరువు 68 కిలోలే. అది వంగితే ఇనప ఛాసిస్‌లా లాగి సరిచేయలేరు. ముందు భాగమంతా ఒకే ఫైబర్‌గ్లాస్ ముక్క. గ్రోసరీ స్టోర్ ముందు ఎవడో మెల్లగా ఆనించినా ఆ ముక్క మొత్తం బాగుచేయాలి. రేడియేటర్ మార్చాలన్నా ఆ ముక్క విప్పాల్సిందే. ఎక్కడం, దిగడం వెడల్పాటి సిల్ మీదుగా. వారానికి రెండు రోజులు ఆఫీసు పార్కింగ్‌లో పెట్టే బండి కాదది.

అన్నట్టు వెనక బ్రేకుల సంగతి మర్చిపోకముందే. ఎన్‌బీ వెనక ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్‌ని సి‑క్లాంప్‌తో నొక్కకు, లోపలి హ్యాండ్‌బ్రేక్ యంత్రాంగం పాడవుతుంది. కాలిపర్ వెనక ఒక బోల్ట్ మూతలా ఉంటుంది, అది తీస్తే లోపల 4 ఎంఎం ఎలెన్ కీ పడుతుంది. అపసవ్యంగా తిప్పితే పిస్టన్ వెనక్కి వస్తుంది. కొత్త ప్యాడ్లు పెట్టాక సవ్యంగా తిప్పుతూ ప్యాడ్ డిస్క్‌కి ఆనగానే ఆపి, మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పు. హ్యాండ్‌బ్రేక్ వదులుగా ఉందని కేబుల్ బిగించే ముందు కూడా ఇదే చేయాలి. అమ్మేవాళ్లలో సగం మందికి ఇది తెలియదు, కాబట్టి వదులు హ్యాండ్‌బ్రేక్ చూపించి బేరం ఆడొచ్చు!

నిజాంపేట్_నాని
ఓ డౌటు. తర్వాత ఇండియా వచ్చేస్తే ఈ కారు హైదరాబాద్ తెచ్చుకోవచ్చా?

లెక్కల_మాస్టారు
కుదరదు నానీ. వాడిన కారు దిగుమతికి రైట్ హ్యాండ్ డ్రైవ్ ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. అమెరికా మియాటా రెండింట్లోనూ ఫెయిల్. ఇక్కడే అమ్ముకుని రావాలి.

ఒహాయో_తుప్పు
శీనూ, టెస్ట్ డ్రైవ్‌కి ముందు టైర్ గాలి కొలిచి చూడు. ఎన్‌బీకి డోర్ పక్క స్టిక్కర్ మీద 26 పీఎస్‌ఐ, ఎన్‌సీకి 29. టైర్ షాపువాళ్లు అన్ని కార్లకీ అలవాటుగా 35 కొట్టేస్తారు. తేలిక బండిలో ఆ 9 పీఎస్‌ఐకే సస్పెన్షన్ పోయినంత కుదుపు వస్తుంది, తడి రోడ్డు మీద వెనక జారుతుంది. అది చూసి మంచి కారు వదులుకోకు.

టైర్ పక్కన నాలుగంకెల తేదీ కూడా చదువు. 2317 అంటే 2017లో 23వ వారం. ఈ కార్లకి టైర్లు అరిగేలోపే ముసలివైపోతాయి. ట్రెడ్ నిండుగా ఉందని అమ్మేవాడు మురిసిపోతుంటే, ఆరేడేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి వానలో పట్టు ఉండదని చెప్పి నాలుగు కొత్త టైర్ల డబ్బు ధరలోంచి తగ్గించు. అలైన్‌మెంట్ కూడా ఆ టైర్లతోనే చేయించు, కానీ ముందు రోజే అలైన్‌మెంట్ సర్దడానికి తిప్పే, కింది ఆర్మ్‌ల క్యామ్ బోల్టులకి తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచు. అవి బుష్ లోపల పట్టేసి ఉంటే షాపువాడు తిరగడం లేదని పంపేస్తాడు.