రాజ్యము గీజ్యము: బలి నోట ఆ మాట ఎట్ల వచ్చింది?

నమస్తే అందరికీ. నేను హన్మకొండల ఉంట. ఫోన్ల చదివేటోళ్ల కోసం ఒక ఫాంటసీ సీరియల్ రాస్తున్న. హీరోది రాక్షస వంశం. ముత్తాత లోకాలను గడగడలాడించినోడు, తాత ఆ ముత్తాత మాటనే కాదన్నోడు. ఇరవై భాగాలైనయి. ఇప్పుడు అందరూ ఒకటే అడుగుడు: "మీవాడు మంచోడా, చెడ్డోడా? తేల్చండి." నాకేమో తేల్చబుద్ధి అయితలేదు. రాత్రి పోతన భాగవతంల వామన చరిత్ర ముందటేసుకొని కూసుంటే ఈ పద్యం కాడ ఆగిపోయిన.

ఆదిన్ శ్రీసతి కొప్పుపైఁ, దనువుపై, నంసోత్తరీయంబుపైఁ
బాదాబ్జంబులపైఁ, గపోలతటిపైఁ, బాలిండ్లపై నూత్న మ
ర్యాదం జెందు కరంబు గ్రిందగుట మీఁదై నా కరంబుంట మేల్
గాదే? రాజ్యము గీజ్యమున్ సతతమే? కాయంబు నాపాయమే?

అర్థం అందరికీ ఎరుకే. లక్ష్మీదేవి కొప్పు మీద, చెక్కిళ్ల మీద ఆడిన చెయ్యి కింద ఉండి నా చెయ్యి పైన ఉంటే అంతకన్న ఏం గావాలె అని బలి తన గురువు శుక్రాచార్యునితోని అంటున్నడు. నా సందేహమంతా "గీజ్యమున్" మీదనే. పెండ్లి గిండ్లి, కట్నం గిట్నం అన్నట్టు రాజ్యం గీజ్యం! ఇంత పెద్ద మాటల నడుమ ఈ వాకిట్ల మాట ఎందుకొచ్చింది? అది వైరాగ్యమా, పొగరా?

జమ్మికుంట నుంచి: అంత లోతుకు పోకు తమ్మీ. శార్దూలంల గణాలు కుదరాలె గదా, కుదిరింది, పెట్టిండు.

కాజీపేట నుంచి (రిటైరైన తెలుగు టీచర్ని): గణాల మీద నింద వెయ్యకండి. "రాజ్యము సంపదల్ సతతమే" అని చూడండి. గురువు, లఘువు, గురువు. ఛందస్సు చెక్కు చెదరదు. యతి "గాదే"కీ "కాయంబు"కీ మధ్య ఉంది, గీజ్యానికి దానితో పనే లేదు. సంపదల్ చేతికి అందేంత దగ్గర్లో ఉండగా గీజ్యమే కావాలనుకున్నాడంటే అది ఎంపికే.

పాలకుర్తి నుంచి: మరి పోతన ఊరు మా బమ్మెర ఇక్కడనే ఉన్నది గదా. ఆయనకు మన మాట రాకుంటే ఎవలకొస్తది!

గుంటూరు నుంచి: ఇదేం మీ ఒక్కరి సొత్తు కాదండీ. మా అమ్మమ్మ కూడా "కాఫీ గీఫీ" అనేది. ఏ జిల్లాకెళ్లినా ఉంటుంది.

కాజీపేట నుంచి: నిజమే, తెలుగు నేలంతా ఉంది. పోతనది బమ్మెరా, ఒంటిమిట్టా అనే పంచాయతీ కూడా ఇక్కడ మొదలుపెట్టకండి, దండం పెడతాను. మాట సంగతికి వద్దాం. ఈ జంటమాట రెండు పనులు చేస్తుంది. "చాయ్ గీయ్ తాగుతవా?" అంటే ఆప్యాయత, ఇంకేదైనా తింటావా అని కూడా అందులో ఉంది. "పెండ్లి లేదు గిండ్లి లేదు" అంటే విసిరికొట్టడం. బలిది రెండోది. అయితే విసిరికొట్టేది విరక్తి ఉన్నవాడూ కావచ్చు, మదం ఎక్కినవాడూ కావచ్చు. మాటను బట్టి తెలియదు.

జనగామ నుంచి: మా పెద్దబాపు ముచ్చట చెప్త. పంపకాల నాడు అరుగు మీద స్టాంపు కాయితం పరిచిండ్రు. రెండెకరాల కాడ తమ్ముడు పట్టుబట్టిండు. పెద్దబాపు కండువ దులిపి "భూమి లేదు గీమి లేదు, తీస్కో పో" అని సంతకం పెట్టి లేచిండు. అందరూ చేతులు మొక్కిండ్రు. అయితే ఆ తర్వాత ఏ పెండ్లిల కూసున్నా, బంతిల బువ్వ ముందటున్నా, "నేను ఇచ్చినోన్ని, వాడు పట్టినోడు" అనకుండ లేచేటోడు కాదు. ఇచ్చుడు నిజమే. పైచెయ్యి మీద ఆశ కూడా నిజమే. బలి కూడా "నా చెయ్యి పైన" అన్నడు గదా, నాకు పెద్దబాపే యాదికొచ్చిండు.

ఇగ వంశం సంగతి. హిరణ్యకశిపుని కొడుకు ప్రహ్లాదుడు, ఆయన కొడుకు విరోచనుడు, ఆయన కొడుకు బలి. మూడడుగులు అడిగే ముందు వామనుడు ఏం జేసిండు? ఆ తాతముత్తాతలనే పొగిడిండు. విరోచనుడైతే బ్రాహ్మణ వేషంల వచ్చింది దేవతలని తెలిసీ ప్రాణమిచ్చినోడు. ఆ పేర్లన్నీ చెవిల పోసినంక "ఇయ్య" అని ఎట్లంటడు? ఇటు కులగురువేమో ప్రాణం, విత్తం, మానం పోయే కాడ "బొంకవచ్చు నఘము వొంద దధిప" అని చుట్టీ ఇస్తున్నడు. ఇస్తే వంశం మునుగుతది, ఇయ్యకుంటే వంశం పేరు మునుగుతది. అందుకే తర్వాతి పద్యంల "కులాంతమైన" అనేసిండు.

గురువును కాదనుడు తాత పోలిక. ప్రహ్లాదుడు కూడా "చదువులలో మర్మమెల్ల చదివితి తండ్రీ" అన్నడు గని, ఎదురు చెప్పేటప్పుడు గూడ "తండ్రీ" విడువలే. బలి గూడ ఆ తర్వాతి పద్యంల "ధీవర్యా" అనుకుంటనే కాదన్నడు. విష్ణువు చెయ్యి నా చెయ్యి కింద ఉండాలనుడు మాత్రం అచ్చం ముత్తాత. ఒక్క బలిల ఇద్దరూ ఉన్నరు.

జమ్మికుంట నుంచి: ఇప్పుడు ఒప్పుకున్న. నేను ధీరోద్ధతుడు, అంటే పొగరున్న వీరుడు, అని ఒక్క మాటల తేల్చేద్దామనుకున్న. పాత శాస్త్రాలు హీరోలకు పెట్టిన ఆ నాలుగు డబ్బాల, ఉదాత్త, ఉద్ధత, లలిత, శాంత, వీడు దేంట్లనూ పట్టడు.

హన్మకొండ నుంచి: అన్నా, టీచరమ్మా, శనార్తులు. మంచోడా చెడ్డోడా అన్నదానికి జవాబు రాయ. ఇరవై ఒకటో భాగంల ముత్తాత పొగరు, తాత వినయం ఒక్క వాక్యంలనే పలికిస్త. "కిరీటం గిరీటం నాకెందుకు" అంటే ఎట్లుంటది?

కాజీపేట నుంచి: వద్దు బాబూ. కి బదులు గి పడి నాలిక జారినట్టు వినిపిస్తుంది, అందరూ నవ్వుతారు. "సింహాసనం గింహాసనం" అనిపించు.