పూల్‌లో ఈత బాగానే వచ్చు, సముద్రంలో దిగాలంటే ఏం తెలిసుండాలి?

పూల్‌చేప

25 మీటర్ల పూల్‌లో ఆగకుండా 20 లెంగ్త్‌లు కొట్టగలను. ఒక్కో లెంగ్త్‌కి 40 సెకన్లు పడుతుంది. సముద్రంలో మాత్రం ఎప్పుడూ మోకాళ్లు దాటి దిగలేదు. ఈసారి పిల్లలతో బీచ్‌కి వెళ్తున్నాం. పెద్దవాడికి 11, కాస్త ఈత వచ్చు. చిన్నదానికి 7, రాదు. రిప్ కరెంట్ గురించి చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. ఒకరు అది కాళ్లు పట్టి కిందికి లాగేస్తుందంటారు, ఒకరు పక్కకి ఈదమంటారు, ఇంకొకరు అసలు ఈదొద్దు, తేలుతూ ఉండమంటారు. ఏది నిజం? ఒడ్డున నిలబడి చూస్తే అది ఎక్కడుందో తెలుస్తుందా? పిల్లలకి ట్యూబ్ చాలా, లైఫ్ జాకెట్ కావాలా?

ఉప్పుగాలి

ముందు కిందికి లాగడం సంగతి. రిప్ కిందికి లాగదు, లోపలికి లాగుతుంది. కెరటాలు విరిగి ఒడ్డు వైపు తోసిన నీళ్లన్నీ మళ్లీ వెనక్కి పోవాలి కదా. ఒడ్డుకి కొంచెం దూరంలో నీటి అడుగున ఇసుక మేట ఉంటుంది. దానికి ఎక్కడో ఒకచోట గండి ఉంటుంది. చేరిన నీళ్లు ఆ గండిలోంచి కాలవలా సముద్రంలోకి పరుగెడతాయి. అదే రిప్. వెడల్పు చాలాసార్లు 10 నుంచి 30 మీటర్లు. కెరటాలు విరిగే వరస దాటగానే విచ్చుకుపోయి బలం తగ్గిపోతుంది. మనుషులు మునిగేది అది ముంచడం వల్ల కాదు, దానికి ఎదురీది అలిసిపోవడం వల్ల.

మీ లెక్కే తీసుకుందాం. 25 మీటర్లకి 40 సెకన్లు అంటే సెకనుకి 0.6 మీటర్ల పైచిలుకు. మామూలు రిప్ సెకనుకి 0.5 మీటర్ల వేగంతో పోతుందనుకోండి, మీరు శక్తంతా పెట్టి ఎదురీదితే సెకనుకి మిగిలేది పన్నెండు సెంటీమీటర్లు. 50 మీటర్లు వెనక్కి రావాలంటే దాదాపు 7 నిమిషాలు, అదీ మొహం మీద కెరటాలు పడుతుంటే. కరెంట్ 0.7 అయితే ఈదుతూనే వెనక్కి పోతుంటారు. బలమైన రిప్‌లు సెకనుకి 2 మీటర్లు కూడా దాటతాయి, అంటే పోటీ ఈతగాళ్లకి కూడా అందవు. అందుకే 20 లెంగ్త్‌లు అన్నది ఇక్కడ పెద్దగా అక్కరకి రాదు.

ఒడ్డు నుంచి గుర్తుపట్టొచ్చు, కానీ ఇసుకలో కూర్చుంటే కనపడదు. కాస్త ఎత్తైన చోట నిలబడి, పోలరైజ్డ్ కళ్లజోడు ఉంటే పెట్టుకుని, కనీసం 10 నిమిషాలు చూడండి. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతూ మధ్యలో ఒక పట్టీలో మాత్రం విరగకపోతే అనుమానించాలి. ఆ పట్టీలో నీళ్లు ముదురు రంగులో ఉంటాయి, ఎందుకంటే అక్కడ లోతు ఎక్కువ. కొన్నిసార్లు నురుగు, చెత్త, కలిసిన ఇసుక సముద్రం వైపు పోతూ కనిపిస్తాయి. ఒక కర్ర ముక్క మీద చూపు పెట్టి అది ఎటు పోతోందో గమనించండి. తమాషా ఏంటంటే కొత్తవాళ్లు "ఇక్కడ అలలు లేవు, పిల్లలకి బాగుంటుంది" అని ఏరుకునేది సరిగ్గా ఆ పట్టీనే. బండరాళ్లు, జెట్టీలు, రాతి గోడల పక్కనైతే రిప్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అక్కడ వెతకడం కూడా దండగ, దూరంగా దిగండి.

ఆటుపోట్లు

పైన చెప్పినదానికి కొంచెం కలుపుతాను. పక్కకి ఈదాలా, తేలాలా అన్న గొడవ రావడానికి కారణం ఉంది. జీపీఎస్ కట్టిన తేలే పరికరాలు రిప్‌లలో వదిలి చూస్తే చాలా రిప్‌లు తిన్నగా సముద్రంలోకి పోకుండా గుండ్రంగా తిరుగుతున్నాయని తేలింది. అంటే తేలుతూ ఉంటే కొన్ని నిమిషాల్లో అదే మిమ్మల్ని ఇసుక మేట మీదికి తెచ్చే అవకాశం ఉంది. కానీ అన్నీ అలా తిరగవు, కొన్ని బయటికే తీసుకుపోతాయి. పక్కకి ఈదడంలోనూ చిక్కుంది. నీళ్లు తిరిగే వైపుకి ఎదురుగా పడ్డారంటే అదీ ఎదురీతే.

కాబట్టి వరస ఇది. ముందు వెల్లకిలా తేలండి. తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో మునగనిచ్చి, చేతులు నడుము పక్కన మెల్లగా ఆడించండి. కాళ్లు కిందికి జారినా ఫరవాలేదు, నోరు పైన ఉంటే చాలు. ఊపిరి అదుపులోకి వచ్చాక ఒక చెయ్యెత్తి ఊపుతూ కేకేయండి. ఆ తర్వాత కెరటాలు తెల్లగా విరుగుతున్న వైపు చూడండి. తెల్ల నురుగు అంటే లోతు తక్కువ, కాలు అందొచ్చు. తీరానికి సమాంతరంగా అటు ఈదండి. 30 దాకా లెక్కపెట్టినా ముందుకి కదలకపోతే రెండో వైపు తిరగండి. నురుగులోకి చేరాక కెరటాలతో పాటు ఏటవాలుగా ఒడ్డుకి రండి. అలిసిపోతే మళ్లీ వెల్లకిలా.

నీళ్లు చల్లగా ఉంటే, 15 డిగ్రీల లోపైతే, దిగగానే ఎగశ్వాస వస్తుంది. ఆ మొదటి నిమిషంలో ఈదే ప్రయత్నం చేస్తే నోట్లోకి నీళ్లు పోతాయి. అప్పుడూ తేలడమే.

పూల్‌చేప

లెక్క చూశాక కళ్లు తెరుచుకున్నాయండీ. మరి పిల్లల సంగతి? చిన్నది ఒడ్డునే ఆడుకుంటుంది, నడుము లోతు కూడా దిగనివ్వం.

గవ్వలబుట్ట

"నడుము లోతు" అంటే ఎవరి నడుము? లోతు ఎప్పుడూ పిల్ల కొలతతో చూడాలి. మీ పిక్కల దాకా ఉన్న నీళ్లు ఏడేళ్ల పిల్లకి తొడ దాకా వస్తాయి. ఒక ఘనమీటరు సముద్రపు నీళ్లు టన్ను పైనే బరువు. విరిగిన కెరటం వెనక్కి జారేటప్పుడు ఏటవాలు ఇసుక మీద ఆ బరువంతా పాదాల కిందనుంచి ఇసుకని తవ్వేస్తుంది. పిల్ల చతికిలపడుతుంది, లేచేలోపు రెండో కెరటం. ఈత రాని పిల్లకి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్దమనిషి ఉండాలి, అదీ సముద్రం వైపు నిలబడి. ఒడ్డు వైపు నిలబడి ఫోన్ చూసుకుంటూ కాదు. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడట్లేదనే. 15 నిమిషాలకొకరు అని వంతులేసుకోండి, వంతు మారేటప్పుడు నోటితో చెప్పుకోండి.

ట్యూబ్ అసలు తేకండి. తిరగబడితే పిల్ల కాళ్లు పైన, తల కింద అవుతుంది, తనంతట తాను బయటికి రాలేదు. చేతులకి తొడిగే గాలి బుడగలు కెరటానికి జారిపోతాయి. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంటే మరీ ప్రమాదం. ఆ గాలికి ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, ట్యూబ్ మాత్రం మనిషి ఈదేదానికన్నా వేగంగా కొట్టుకుపోతుంది. ఖాళీ ట్యూబ్ లేదా బంతి పోతే పోనివ్వండి, వెంటపడొద్దు.

లైఫ్ జాకెట్ పిల్ల బరువుకి తగ్గది, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది తీసుకోండి. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తండి. జాకెట్ చెవుల దాకా జారితే వదులైనట్టు. స్విమ్ సూట్ నీలం, తెలుపు వద్దు, నురుగులో కనపడదు. ముదురు నారింజ, నియాన్ రంగులు దూరానికి తెలుస్తాయి.

ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది. పిల్లలు ఇసుకలో గొయ్యి తవ్వుతారు. అది వాళ్ల మోకాలి లోతు దాటనివ్వకండి. గోడ కూలితే క్షణాల్లో పూడుకుపోతుంది, మళ్లీ తోడుతుంటే పక్క ఇసుక జారుతూనే ఉంటుంది.

పెద్దవాడికి ఒకే ఒక్క నియమం: తలకిందులుగా డైవ్ కొట్టకూడదు. ఒడ్డు మీదే దభీమని విరిగే కెరటాల దగ్గర అయితే అసలు ఆడకూడదు. లోతు ఒక అడుగు కూడా ఉండదు, కెరటం మనిషిని ఎత్తి ఇసుక మీద తలతో కుదేస్తుంది, మెడ ఎముక విరిగేది అలాగే. లోపల, నడుము లోతులో ఎదురుగా పెద్ద కెరటం వస్తే ఎగరొద్దు, చేతులు తలకి అడ్డం పెట్టి దాని కిందికి దూరాలి. బయటికి వచ్చేటప్పుడు సముద్రానికి వీపు చూపించకుండా పక్కగా నడుస్తూ రావాలి.

ఉప్పుగాలి

గవ్వలబుట్ట గారు చెప్పినదానికి ఒకటి. ఒడ్డున బట్టలు పెట్టిన చోట ఒక గుర్తు ఎంచుకోండి, గొడుగో, స్తంభమో. ప్రతి రెండు మూడు నిమిషాలకి దాన్ని చూడండి. మీకు తెలియకుండానే పక్కకి జరుగుతుంటే, ఒడ్డు వెంట పారే నీళ్లు మిమ్మల్ని రిప్ దగ్గరికి మోసుకుపోతున్నాయన్నమాట. బయటికి వచ్చి, నడిచి వెనక్కి వెళ్లి, మళ్లీ దిగండి.

లైఫ్‌గార్డ్ ఉన్న బీచ్ అయితే సగం పని అయిపోయినట్టే. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న రెండు జెండాల మధ్యలోనే దిగండి. ఒంటి ఎర్ర జెండా అంటే ప్రమాదం, దిగొద్దు. రెండు ఎర్ర జెండాలంటే నీళ్లలోకి ఎవరికీ అనుమతి లేదు. ఊదా రంగు అంటే జెల్లీ ఫిష్ లాంటివి ఉన్నాయని. వెళ్లగానే లైఫ్‌గార్డ్‌ని "ఇవాళ లాగుడు ఎటుంది?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

తెడ్డు

ఎవరైనా మునుగుతుంటే ఏం చేయాలన్నది ఎవరూ రాయలేదు.

మునిగే మనిషి అరవడు. నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ అవుతుంటే ఊపిరికే దిక్కుండదు, ఇక కేకకెక్కడిది? తల వెనక్కి వాలి, నోరు తెరుచుకుని, కాళ్లు ఆడకుండా నిలువుగా ఉంటాడు. చేతులు పక్కలకి చాపి, నిచ్చెన ఎక్కుతున్నట్టు నీళ్లని కిందికి నొక్కుతుంటాడు. ఫ్రాంక్ పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డ్ వర్ణించిన తీరు ఇది. నీటిపైన ఆ పెనుగులాట 20 నుంచి 60 సెకన్లే. "బాగున్నావా?" అని అడిగితే జవాబు రాలేదంటే ఆలోచించే టైమ్ లేదు.

వెంటనే దూకొద్దు. కాపాడబోయి మునిగినవాళ్లు తక్కువేం కాదు, వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. ఒకరు లైఫ్‌గార్డ్‌ని పిలవాలి, ఒకరు ఎమర్జెన్సీకి ఫోన్ చేయాలి, ఒకరు వేలితో చూపిస్తూ చూపు తిప్పకుండా నిలబడాలి. తేలేది ఏదైనా విసరండి. మూత బిగించిన 5 లీటర్ల ఖాళీ డబ్బా దాదాపు 5 కిలోల బరువుని తేలుస్తుంది, నోరు నీటి పైన ఉంచడానికి అది చాలు. వెళ్లక తప్పకపోతే చేతిలో బోర్డో ఫ్లోటో ఉండాలి, దాన్ని ఇద్దరి మధ్యా అడ్డం పెట్టి అందించాలి. ఒట్టి చేతులతో దగ్గరికి వెళ్తే మీ భుజాలే నిచ్చెన అవుతాయి.

బయటికి తెచ్చాక స్పృహ లేదు, మామూలుగా ఊపిరి లేదు అనుకోండి. పొట్ట నొక్కొద్దు, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయొద్దు. ఊపిరితిత్తుల్లో నీళ్లు అలా రావు, కడుపులోది వచ్చి గొంతులో అడ్డం పడుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ముందు 5 సార్లు నోటితో ఊపిరి ఊదండి. మునిగిన మనిషికి కరువైంది గాలి, అందుకే ఊపిరితో మొదలుపెట్టడం. తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిర్లు, ఇలా ఆపకుండా. పెద్దవాళ్లకి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120. పిల్లలకి ఛాతీ మందంలో మూడో వంతు. నోట్లోంచి నురుగు వస్తూనే ఉంటుంది, దాన్ని తుడుస్తూ కూర్చోవద్దు. వాంతి అయితే పక్కకి తిప్పి, శుభ్రం చేసి మళ్లీ మొదలు. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరి ఇబ్బంది తర్వాతి కొన్ని గంటల్లో ముదరొచ్చు.

గవ్వలబుట్ట

జెల్లీ ఫిష్ కుడితే మంచినీళ్లతో కడగొద్దు, రుద్దొద్దు. ఇంకా పేలని ముళ్ల కణాలు అప్పుడు పేలతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగుల్ని పట్టకారుతో ఎత్తి, 45 డిగ్రీలు మించని వేడి నీళ్లలో కనీసం 20 నిమిషాలు ఉంచండి. ఊపిరి ఆడకపోయినా, వాపు మొహానికి పాకినా నేరుగా ఆసుపత్రికే.

తెడ్డు

వెనిగర్ మాటేంటి? అన్నిటికీ పోయమంటారు కదా.

గవ్వలబుట్ట

అన్నిటికీ కాదు. బాక్స్ జెల్లీ ఫిష్‌కి పోయాలి. నీలి బుడగలా నీటిపై తేలుతూ కుట్టే బ్లూబాటిల్‌కి వద్దని ఆస్ట్రేలియాలో చెప్తారు. కుట్టింది ఏదో తెలియకపోతే లైఫ్‌గార్డ్‌ని అడిగి పోయడం మేలు.

పూల్‌చేప

చాలా థ్యాంక్సండీ. ఆఖరుగా ఒకటి. మేం వెళ్లే రోజు వెదర్ యాప్‌లో అలల ఎత్తు 0.8 మీటర్లు, పీరియడ్ 14 సెకన్లు అని ఉంది. 0.8 అంటే చిన్నవే కదా?

ఆటుపోట్లు

ఎత్తు ఒక్కటే చూసి మోసపోకండి. పీరియడ్ అంటే ఒక కెరటానికీ మరో కెరటానికీ మధ్య ఉన్న సమయం. 6 సెకన్ల అలలు దగ్గర్లో గాలికి పుట్టినవి. 14 సెకన్లవి ఎక్కడో దూరాన తుపానులో పుట్టి వచ్చినవి. ఒకే ఎత్తు ఉన్నా 14 సెకన్ల అల 6 సెకన్లదానికి రెట్టింపు పైన శక్తిని మోసుకొస్తుంది. లోతు తగ్గేకొద్దీ ఎత్తు కూడా పెరుగుతుంది, కాబట్టి అక్కడ 0.8 అని ఉన్నది ఒడ్డున మీటరు దాటి విరగొచ్చు. పైగా ఇవి గుంపులుగా వస్తాయి. కొన్ని నిమిషాలు ఏమీ లేనట్టు ఉండి, ఒక్కసారిగా నాలుగైదు పెద్దవి వరసగా పడతాయి. ఆ నీళ్లన్నీ ఒకేసారి వెనక్కి పోతాయి గనక రిప్ ఉన్నపళంగా బలం పుంజుకుంటుంది.

నీళ్లు తీసే ఆటు సమయంలో, ముఖ్యంగా మట్టం బాగా తగ్గినప్పుడు, చాలా బీచ్‌లలో రిప్ ఎక్కువ లాగుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఆటుపోట్ల తేడా పెద్దది, ఆ తేదీలు కూడా చూసుకోండి. అలాంటి రోజున 10 నిమిషాలు చాలవు, 20 నిమిషాలు ఒడ్డున కూర్చుని రెండు మూడు గుంపులు వచ్చి పోయేదాకా చూడండి. పెద్ద కెరటం ఇసుక మీద ఎంత దూరం పాకిందో అక్కడ ఒక గీత గీసి, చిన్నదాన్ని ఆ గీతకి పైనే ఆడుకోనివ్వండి.