సముద్రంలో గ్యాస్ తీసిన డబ్బులో తీరం ఊళ్ళకు వాటా అడగొచ్చా?

ప్రశ్న

మాది కాట్రేనికోన మండలంలో తీరం ఊరండి. గట్టు ఏటా కోసుకుపోతోంది, మడ అడవి పలచబడుతోంది. గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధి ఊళ్ళకు ఖర్చు పెడతారు కదా, ఎదురుగా సముద్రంలో గ్యాస్ తీస్తుంటే మనకెందుకు ఇవ్వరని కుర్రాళ్ళు కలెక్టరు గారికి అర్జీ రాశారు. మడ చెట్ల కోసం, గట్టు కోసం రాయల్టీలో (తీసిన గ్యాస్‌కు కంపెనీ ప్రభుత్వానికి కట్టే సొమ్ములో) వాటా అడిగే దారి ఏదైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు 1

ఆ అర్జీ ఇంకా ఇవ్వకపోతే ఆపండి. ఖనిజ నిధి 2015లో గనుల చట్టం సవరణతో వచ్చింది. ఆ చట్టం లెక్కలో ఖనిజం అంటే చమురు, గ్యాస్ కాకుండా మిగతావి. ఈ ఒక్క ముక్క చూపించి మొదటి టేబుల్ దగ్గరే తిప్పి పంపేస్తారు.

ఇంకో మెలిక ఉంది. సముద్రం అడుగున దొరికే ఖనిజాలన్నీ రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం కేంద్రానివి. కోనసీమ పొలంలో బావి తవ్వితే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. అదే కంపెనీ సముద్రంలో తవ్వితే ఢిల్లీకి పోతుంది. పోనీ రాష్ట్రానికి వచ్చిందైనా బావి ఉన్న ఊరికి రావాలని లేదు, ఖజానాలో కలిసిపోతుంది. కాబట్టి ఈరోజు చట్టంలో మీ ఊరికి వాటా లేదు. అడగడానికి వేరే తలుపులు ఉన్నాయి, రాత్రికి రాస్తాను.

జవాబు 2

వాటా లేదంటారేంటండీ, పైపులైను డబ్బు మావాళ్ళ ఖాతాల్లో పడింది కదా! 69 వేలు.

జవాబు 1

అది వాటా కాదండీ, నష్టపరిహారం. పైపులైను పనులతో వేట ఆగినందుకు నెలకు 11,500 చొప్పున లెక్కగట్టారు. 2022 మేలో నాలుగు నెలలకు, 2023 నవంబరులో ఆరు నెలలకు, 23,458 కుటుంబాలకు ఇచ్చారు. రెండోసారి మొత్తం దాదాపు 162 కోట్లు. మీవాళ్ళ 69 వేలు ఆ ఆరు నెలలవే. వేట పోయినవాడికి అది న్యాయమే, కానీ పని అయిపోతే డబ్బూ అయిపోతుంది. మడ అడవికి ఏం చేస్తారన్నది ఆ లెక్కలో లేదు. పరిహారం అడిగే కాగితం, పర్యావరణం కోసం అడిగే కాగితం వేరువేరుగా పెట్టండి. కలిపితే రెండోది ఎవరూ చదవరు.

జవాబు 3

నేను హ్యూస్టన్‌లో ఉంటాను. ఇక్కడి సంగతి మీ ఎంపీ గారికి రాసేటప్పుడు పనికొస్తుంది. అమెరికాలోనూ తీరం నుంచి కొన్ని మైళ్ళు దాటాక చమురు కేంద్రానిదే. అయినా 2006లో గల్ఫ్ తీరం కోసం ప్రత్యేక చట్టం చేశారు. ఆ చట్టం కిందికొచ్చే లీజుల ఆదాయంలో 37.5 శాతం టెక్సాస్, లూసియానా, మిసిసిపీ, అలబామాలకు ఇస్తారు. నాకు నచ్చింది ఏంటంటే, ఒక్కో రాష్ట్రం వాటాలో 20 శాతం తీరంలోని కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) నేరుగా వెళ్తుంది, రాష్ట్రం చేతుల మీదుగా కాదు. ఆ డబ్బు దేనికి వాడాలో కూడా చట్టంలోనే రాశారు: తీరం పరిరక్షణ, తుపాను రక్షణ, మత్స్య సంపదకు జరిగిన నష్టం పూడ్చడం, అలాంటివి. ఆఫీసు ఖర్చులు 3 శాతం దాటకూడదు. లూసియానా అయితే ఈ డబ్బు తీరానికే వాడాలని అదే ఏడాది తన రాజ్యాంగంలోనే రాసుకుంది.

అలాగని స్వర్గం అనుకోకండి. ఏడాదికి ఇంతకు మించి ఇవ్వమని పరిమితి పెట్టారు. పైగా తీరం బాగుకు డబ్బు రావాలంటే తవ్వకం సాగుతూనే ఉండాలి. నాకైతే ఆ ముడి నచ్చదు.

జవాబు 1

చట్టం మారేదాకా మీ చేతిలో ఉన్నవి చెప్తాను. మొదటిది పర్యావరణ అనుమతి పత్రం. తవ్వకానికైనా టెర్మినల్‌కైనా అనుమతి ఇచ్చేటప్పుడు షరతులు పెడతారు. వాటి అమలు మీద కంపెనీ ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదిక ఇవ్వాలి. అది తెప్పించి చదవండి. ఎడమ గడిలో షరతు, కుడి గడిలో చాలాచోట్ల "పాటిస్తున్నాం" అని ఒక్క మాట ఉంటుంది. ఎన్ని మొక్కలు, ఏ ఊరు, ఎన్ని బతికాయి అన్నది లేకపోతే అక్కడే పట్టుకోవాలి. విజయవాడలో కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయం ఉంది, సమాచార హక్కు దరఖాస్తు అక్కడికి పెట్టండి.

సీఎస్సార్ రెండోది, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టాల్సిన ఖర్చు. గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉంది కానీ అది నిర్బంధం కాదని కేంద్రమే వివరణ ఇచ్చింది. అందుకే "మా హక్కు" అని కాకుండా ఖర్చు అంచనాతో, పని వివరాలతో వెళ్ళండి. బస్ షెల్టరు అడిగితే త్వరగా ఇస్తారు, మడ అడవి అడిగితే నాన్చుతారు. ఫొటో దిగడానికి షెల్టరే బాగుంటుంది మరి.

అడిగినవారు

చాలా థాంక్సండి. డబ్బు ఇస్తామంటే ఏ ఖాతాలో వేయించుకోవాలి? పంచాయతీ జనరల్ ఫండ్‌లో పడితే వీధిలైట్లకు పోతుందని అందరికీ టెన్షన్.

జవాబు 1

మీ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, 2002 చట్టం ప్రకారం తప్పనిసరి. చాలా ఊళ్ళలో కాగితం మీదే ఉంటుంది, ముందు దాన్ని లేపండి. అదే చట్టంలో స్థానిక జీవవైవిధ్య నిధికి కూడా వీలుంది, దాని ఖాతా సంగతి పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఇంకోటి, మడ అడవి రిజర్వు ఫారెస్టు అయితే పంచాయతీ తనంతట తాను మొక్క నాటకూడదు. రేంజి ఆఫీసరు గారితో మాట్లాడి, వన సంరక్షణ సమితి ఉంటే దాన్నీ కలుపుకోండి.

తీర్మానంలో ఇలా రాయండి: "మా గ్రామ పరిధిలో పర్యావరణ అనుమతి షరతుల కింద చేసిన పనులు, ఖర్చు, నాటిన మడ మొక్కలు, బతికినవి సర్వే నంబర్లతో తెలపవలసిందిగానూ, ఇకపై ఆ పనులు మా జీవవైవిధ్య కమిటీ సమక్షంలో చేయవలసిందిగానూ కోరుతూ తీర్మానించడమైనది." రాయల్టీ మాట ఇందులో రానివ్వకండి. అది ఎంపీ గారికి రాసే ఉత్తరంలో పెట్టండి, హ్యూస్టన్ సోదరుడు చెప్పిన 20 శాతం సంగతితో సహా.