షెల్టర్‌కి వచ్చినవాళ్ళ వివరాలు అన్ని సంస్థలకూ కనిపించాలా?

గోరింక:
అమెరికాలో హోమ్‌లెస్ సర్వీసెస్‌లో పనిచేసేవాళ్ళు ఇక్కడ కొందరున్నారు కాబట్టి అడుగుతున్నాను. మా కౌంటీలో షెల్టర్లు, వీధుల్లో తిరిగే అవుట్‌రీచ్ టీములు, ఇళ్ళు చూపించే ప్రోగ్రాములు అన్నీ ఒకే హెచ్‌ఎంఐఎస్ (ఇల్లు లేనివాళ్ళ వివరాలు, వాళ్ళకి అందిన సేవలు నమోదుచేసే సిస్టమ్) డేటాబేస్ వాడతాయి. తెలియనివాళ్ళకి ఒక ముక్క: ఈ పనికి ఫెడరల్ హౌసింగ్ శాఖ, అంటే హడ్, నిధులు తీసుకునే ప్రాంతాలన్నీ ఇలాంటిదొకటి నడపాల్సిందే. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో, ఎవరికేం కనిపించాలో చాలావరకు స్థానికంగా తేల్చుకుంటారు.

మా దగ్గర ఇప్పటిదాకా ఒక సంస్థ ఎక్కించిన వివరాలు ఇంకో సంస్థకి కనిపించాలంటే క్లయింట్ సంతకం ఉండాలి. ఇప్పుడు దాన్ని తిరగేసి, వద్దన్నవాళ్ళవి తప్ప మిగతా అందరివీ తెరిచేద్దామంటున్నారు. నేనొక షెల్టర్ బోర్డులో ఉన్నాను, మా సంస్థ అభిప్రాయం చెప్పాలి. నాకు వద్దనే ఉంది. రాత్రికి మంచం దొరుకుతుందో లేదో తెలియక కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి "నా వివరాలు ఎవరికీ చూపించకండి" అని నోరు విప్పి అడుగుతాడా? మీరేమంటారు?

ఎక్సెల్ రావు:
ఈ రిపోర్టులు తీయడమే నా ఉద్యోగం, కాబట్టి నేను ఎటువైపో ఊహించే ఉంటారు. తెరవాలి.

ఒకే మనిషి మూడు సంస్థలకి వెళ్తాడు. ఒకచోట పూర్తి పేరు చెబుతాడు, ఇంకోచోట అందరూ పిలిచే పేరు. మూడోచోట పుట్టిన తేదీ చెప్పలేదని ఏడాది అంచనా కట్టి జనవరి 1 వేసేస్తారు. డేటాబేస్‌లో ముగ్గురు తయారవుతారు. దీంతో తలల లెక్క పెరుగుతుందని అందరికీ తెలుసు. తక్కువమంది గమనించేది ఇంకోటుంది: మన పనితీరు ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. శాశ్వత నివాసానికి వెళ్ళినవాళ్ళలో 6, 12, 24 నెలల్లోపు ఎంతమంది మళ్ళీ రోడ్డున పడ్డారో హడ్ లెక్క అడుగుతుంది. తిరిగొచ్చిన మనిషికి కొత్త రికార్డు తెరిచామంటే, పాత రికార్డు ప్రకారం అతను ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నట్టు. మన ప్రోగ్రాము సూపర్ హిట్. మనిషేమో బయట పడుకుని ఉంటాడు.

రాత్రి షిఫ్ట్:
రావు గారూ, డూప్లికేట్లు కలపడానికి అందరికీ తెరవక్కర్లేదండీ. సిస్టమ్ నడిపే లీడ్ సంస్థకి అన్నీ కనిపిస్తాయిగా, వెనకనుంచి వాళ్ళు కలపొచ్చు. దానికీ, పక్క షెల్టర్ స్టాఫ్ నా క్లయింట్ ఫైల్ చదవడానికీ సంబంధం ఏమిటి?

నేను షెల్టర్ డెస్క్‌లో రాత్రులు పనిచేశాను. నాకు అసలు భయం నోట్స్ బాక్స్ గురించి. పేరు, తేదీ లాంటివి ఎలాగోలా సరిదిద్దొచ్చు. "గొడవపడే రకం", "తాగి వచ్చినట్టుంది", "మందులు వేసుకోవట్లేదు" అని ఎవరో నిద్రమత్తులో కొట్టిన లైను ఆ మనిషి వెంట ఊరంతా తిరుగుతుంది. నాలుగో సంస్థ దగ్గరికి వచ్చేసరికి అది ఒకరి అభిప్రాయమని ఎవరికీ గుర్తుండదు. లోపలికి రాకముందే అతని మీద ఒక కన్నేసి ఉంచుతారు.

ఇంకోటి. ఒకప్పుడు తామూ షెల్టర్లలో ఉన్నవాళ్ళని ఈ రంగంలో ఉద్యోగాల్లోకి తీసుకుంటారు. చాలా మంచి పద్ధతి, క్లయింట్లు వాళ్ళతోనే మనసు విప్పి మాట్లాడతారు. కానీ పాత స్నేహితుడి మానసిక ఆరోగ్యం సంగతులు, మాజీ భార్య ఇప్పుడు ఏ ప్రోగ్రాములో ఉందో, అన్నీ ఆ ఉద్యోగి స్క్రీన్ మీద పెడితే? తప్పు ఉద్యోగిది అవ్వకముందే మనది అవుతుంది.

ఎక్సెల్ రావు:
నోట్స్ మూసేయండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు వాటితో పనే లేదు.

లీడ్ సంస్థ కలుపుతుందంటారా? ఒకే పేరుతో ఇద్దరు, ఇద్దరికీ జనవరి 1 పుట్టినరోజే, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగంకెలు కూడా లేవు. ఆఫీసులో కూర్చుని ఏది ఎవరిదని కలపను? ఎదురుగా మనిషి ఉండగా పాత రికార్డు కనిపిస్తే "ఇది మీదేనా?" అని డెస్క్ దగ్గరే తేలిపోతుంది.

పైగా రూల్స్ కొత్తగా తెస్తున్నవేం కాదు. 2004 జులైలో హడ్ ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, ఎందుకు అడుగుతున్నామో చెప్పే నోటీసు డెస్క్ దగ్గర పెడితే సమాచారం తీసుకోవడానికి ఒప్పుకున్నట్టు భావించొచ్చు. సేవల సమన్వయం కోసం పంచుకుంటామని ప్రైవసీ నోటీసులో ఉంటే అదీ చెల్లుతుంది.

రాత్రి షిఫ్ట్:
చెల్లుతుంది సరే. కళ్ళద్దాలు పోగొట్టుకున్న మనిషి గోడమీద కాగితం చదివి ఒప్పుకున్నాడని మీరు నిజంగా నమ్ముతున్నారా?

సంపెంగ:
కేస్ మేనేజర్‌ని. ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. ఆ డేటా ముందుగా అవసరమయ్యేది క్లయింటుకే.

పర్మనెంట్ సపోర్టివ్ హౌసింగ్‌లో, అంటే సహాయ సేవలతో కలిపి ఇచ్చే శాశ్వత ఇళ్ళలో, చాలా యూనిట్లు "క్రానిక్" అనే వర్గానికి కేటాయించి ఉంటాయి. ఏదో ఒక వైకల్యం ఉండాలి. దాంతోపాటు ఏకబిగిన 12 నెలలు ఇల్లు లేకుండా ఉండాలి, లేదా మూడేళ్ళలో కనీసం నాలుగుసార్లు కలిపి 12 నెలలు. ఇది నోటిమాటతో కుదరదు. మామూలుగా 12లో 9 నెలలకి బయటివాళ్ళ రుజువు కావాలి, మిగతా 3 నెలలకి క్లయింట్ స్వయంగా రాసిచ్చింది సరిపోతుంది. ఆ రుజువుల్లో హెచ్‌ఎంఐఎస్ రికార్డు ఒకటి. ఒక నెలలో ఒక్కరోజు అవుట్‌రీచ్ టీము కలిసినట్టు నమోదై ఉన్నా, మధ్యలో వేరేచోట ఉన్నట్టు ఆధారం లేకపోతే, నెలంతా లెక్కలోకి వస్తుంది.

ఒక్కరోజు ఎంట్రీకి అంత విలువ. ఇప్పుడు నా పరిస్థితి చూడండి. యూనిట్ ఖాళీ అయిందని ఫోన్ వస్తుంది, పత్రాలు త్వరగా ఇవ్వాలి. క్లయింట్ "రెండేళ్ళ కిందట ఫలానా షెల్టర్‌లో చలికాలమంతా ఉన్నాను" అంటాడు. ఆ షెల్టర్ మూతపడింది, లేదా అక్కడ ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. రికార్డు సిస్టమ్‌లో ఎక్కడో ఉంది, నాకు కనిపించదు. అడుగు, ఈమెయిల్ పెట్టు, సంతకం తెప్పించు, మళ్ళీ గుర్తుచెయ్యి. ఈలోగా యూనిట్ ఇంకొకరికి వెళ్ళిపోతుంది. అప్పుడెప్పుడో సంతకం వద్దన్నప్పుడు దానివల్ల ఏం పోతుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అందుకని నేను కోరేది: పేరు, పుట్టిన తేదీ, ఏ ప్రోగ్రాములో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నారు, ఏ రాత్రులు పడుకున్నారు, అవుట్‌రీచ్ ఎప్పుడు కలిసింది. ఇంతవరకే తెరవండి. ఆరోగ్యం, వ్యసనం, నోట్స్, అసెస్‌మెంట్ జవాబులు సంతకం ఉంటేనే.

చింతచెట్టు:
ప్రోగ్రాము పేరు తెరవడమంటే అంత తేలికేం కాదు సంపెంగ గారూ. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ హౌసింగ్ ప్రోగ్రాము పేరు కనిపిస్తే ఇంకేం దాచినట్టు? డిటాక్స్ (మత్తు వదిలించే చికిత్స) తర్వాత ఉండే ఇళ్ళూ అంతే. గృహహింస బాధితుల సంస్థలని 2005 నాటి చట్టమే హెచ్‌ఎంఐఎస్‌లో ఎక్కించకుండా ఆపింది, వాళ్ళకి విడిగా డేటాబేస్ ఉంటుంది. కానీ భర్త నుంచి పారిపోయి మామూలు షెల్టర్‌కి వచ్చినావిడ సంగతి? ఆవిడ పేరు, నిన్న రాత్రి పడుకున్న చోటు మీ "ఇంతవరకే" జాబితాలో ఉన్నాయి.

సంపెంగ:
నిజమే. అలాంటి ప్రోగ్రాముల పేర్లు కప్పేసి తేదీలు మాత్రం చూపించాలి. ప్రమాదం ఉందన్నవాళ్ళ రికార్డు మొదటిరోజునుంచే మూసి ఉండాలి, "ఎందుకు" అని గుచ్చి అడగకుండా.

గోరింక:
ఇంకో రెండు సందేహాలు. పోలీసులు వచ్చి అడిగితే? ఇదంతా ఎన్నేళ్ళు ఉంటుంది?

ఎక్సెల్ రావు:
పోలీసుల విషయంలో ఆ 2004 ప్రమాణాలు కొన్ని సందర్భాల్లో ఇవ్వొచ్చు అంటాయి, ఇచ్చి తీరాలి అనవు. కోర్టు ఆదేశం ఉంటేనే ఇస్తామని మీ స్థానిక పాలసీలో బిగించుకోవచ్చు. ఆ పేరా ఉందో లేదో ఓటుకి ముందే చూసుకోండి. వాడకంలో లేని వివరాలని చివరిసారి మార్చిన 7 ఏళ్ళకి తీసేయాలి, లేదా మనిషిని గుర్తుపట్టే భాగాలు తొలగించాలి. హడ్‌కి వెళ్ళే వార్షిక రిపోర్టులో పేర్లుండవు, మొత్తాలే ఉంటాయి.

రాత్రి షిఫ్ట్:
సంపెంగ గారి లెక్క విన్నాక పూర్తిగా మూసేయమని అనలేను. రాత్రుల రికార్డు తెరవండి. కానీ నావి రెండు షరతులు. సంతకం అడగడం చేరిన రాత్రి వద్దు. తిని, నిద్రపోయి, రెండు మూడు రోజులయ్యాక ఒక మనిషి కూర్చుని వివరించాలి. తర్వాత ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చని కూడా చెప్పాలి. రెండోది, ఎవరు ఎవరి ఫైలు తెరిచారో సిస్టమ్ లాగ్‌లో ఉంటుంది కదా, దాన్ని ఎవరో ఒకరు నెలనెలా చదవాలి. నేను చూసినంతలో లాగ్ అన్నిచోట్లా ఉంది, చదివే దిక్కు లేదు.

ఎక్సెల్ రావు:
ఆ రెండు మూడు రోజుల్లో వెళ్ళిపోయేవాళ్ళ సంగతేంటి? ఒక్క రాత్రి ఉండి మాయమయ్యేవాళ్ళే కదా మళ్ళీ మళ్ళీ డూప్లికేట్ అయ్యేది.

రాత్రి షిఫ్ట్:
వాళ్ళవి మూసి ఉంచండి. మీ రిపోర్టులో ఆ గడి ఖాళీగానే ఉండనివ్వండి.

సంపెంగ:
ఇక్కడ నేను రావు గారి వైపు. ఒక్క రాత్రి ఉండి వెళ్ళేవాళ్ళకే రేపు ఆ ఒక్కరోజు ఎంట్రీ నెలరోజుల రుజువు అవుతుంది.

గోరింక:
అయితే బోర్డు ముందు పెట్టేది ఇలా రాస్తున్నా: రాత్రులు, తేదీలు తెరవాలి, సున్నితమైన ప్రోగ్రాముల పేర్లు కప్పాలి, నోట్స్ సంతకంతోనే, ప్రమాదం ఉందంటే మొదటిరోజే మూత, లాగ్ చదివే మనిషి పేరు పాలసీలోనే ఉండాలి. ఒక్క రాత్రివాళ్ళ సంగతి మీరే తేల్చుకోలేదు కాబట్టి దాన్ని విడిగా ఓటుకి పెడతాను. ప్రోగ్రాము పేర్లు కప్పడానికి సాఫ్ట్‌వేర్ అమ్మిన వెండర్ ఎంత అడుగుతాడో కూడా కనుక్కోవాలి.

చింతచెట్టు:
అది ముందు కనుక్కోండి. "మా వెర్షన్‌లో కుదరదు" అనేస్తే మీరు రాసిన సవరణలో సగం పోతుంది.