పింక్ ఫ్లాయిడ్ వినడం ఎక్కడ మొదలెట్టాలి? – బెంగళూరు తెలుగు శ్రోతల చర్చ

కొత్తచెవి, మారతహళ్ళి
సినిమా పాటలు, కాస్త కర్ణాటక సంగీతం అలవాటైన చెవికి పింక్ ఫ్లాయిడ్‌లో ఏ ఆల్బమ్‌తో దారి దొరుకుతుంది? యాప్‌లో ‘టాప్ పాటలు’ అని వచ్చేవాటికి ఒకదానితో ఒకదానికి పొంతనే లేదు. అసలు పింక్ ఎవరు, ఫ్లాయిడ్ ఎవరు?

తంబుర, మల్లేశ్వరం
చివరి ప్రశ్నకు ముందు జవాబు. ఇది ఇంగ్లండు రాక్ బృందం, అందులో ఆ పేర్లవాళ్ళు ఎవరూ లేరు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అని అమెరికాలో ఇద్దరు బ్లూస్ గాయకులు ఉండేవారు, వాళ్ళ పేర్లు కలిపి సిడ్ బారెట్ పెట్టిన పేరది. 1965లో లండన్‌లో బారెట్, రోజర్ వాటర్స్, రిక్ రైట్, నిక్ మేసన్‌తో మొదలైంది. 1968కల్లా గిటార్‌కు డేవిడ్ గిల్మర్ వచ్చేశాడు, బారెట్ వెళ్ళిపోయాడు.

పొంతన లేకపోవడానికి కారణం ఆ పాటలు విడిగా వినడానికి కట్టినవి కాకపోవడమే. కచేరీలో తనియావర్తనం ఒక్కటే కోసి వినిపిస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. 1973లో వచ్చిన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ తీసుకోండి. పది ట్రాకులు, 43 నిమిషాలు. మొదటి నుంచి చివరి దాకా లేవకుండా వినండి.

తీగలపెట్టె, జయనగర్
వినేముందు సెట్టింగులు చూసుకోండి, సగం మందికి అక్కడే చెడుతుంది.

షఫుల్ ఆపాలి. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో యాప్ కలిపేయడం) సున్నాకు తేవాలి, ఇది ముఖ్యం. ఈ ఆల్బమ్‌లో ఒక ట్రాకు తోక ఇంకో ట్రాకు తలలోకి ముందే కలిపేసి ఉంది. దానిమీద యాప్ తన కలపడం తాను చేస్తే అతుకు దగ్గర అంతా అలుక్కుపోతుంది. గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా) అని ఉంటే ఆన్ చేయండి. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఎంపీ3లు అయితే ట్రాకు మారేచోట చిన్న ఎక్కిలి వినిపించవచ్చు. ఎంపీ3 శబ్దాన్ని 1152 శాంపిళ్ళ (శబ్దపు కొలతల) ముక్కలుగా కోస్తుంది, చివరి ముక్క నిండకపోతే మిగతాది నిశ్శబ్దంతో నింపుతుంది. ఆ నిశ్శబ్దాన్ని కత్తిరించడం తెలియని ప్లేయర్‌లో ఎక్కిలి తప్పదు. సీడీలోనూ, నాణ్యత తగ్గించని ఫ్లాక్ ఫైళ్ళలోనూ ఈ బాధ లేదు.

ఇక వాల్యూమ్. ఆల్బమ్ గుండె చప్పుడుతో, దాదాపు వినపడనంత మెల్లగా మొదలవుతుంది. ఏమీ రావట్లేదని పెంచేస్తే, నాలుగో ట్రాకు ‘టైమ్’ మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగి చెవులు గింగురుమంటాయి. రెండో ట్రాకు ‘బ్రీద్’లో డ్రమ్స్ అందుకునేదాకా ఆగి, అప్పుడు సరిచేసుకుని ఇక ముట్టుకోకండి. క్యాబ్‌లో సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో కూర్చుని మాత్రం మొదటిసారి వినొద్దు. ఇంజిన్ గుర్రు, గుండె చప్పుడు ఒకే మందర స్థాయిలో ఉంటాయి, ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది.

తంబుర, మల్లేశ్వరం
కర్ణాటకం తెలుసన్నారు కాబట్టి ఆరో ట్రాకు ‘మనీ’ని తాళం వేస్తూ వినండి. చిల్లర నాణేలు, క్యాష్ రిజిస్టరు, చింపిన కాగితం, ఈ శబ్దాల టేపు ముక్కలను కొలిచి అతికించి ఉచ్చులా తిప్పారు. ఒక చుట్టుకు ఏడు దెబ్బలు. బేస్ గిటార్ అదే ఏడులో అందుకుంటుంది. ‘తకిట తకధిమి’ అనుకుంటే సరిగ్గా సరిపోతుంది. శాక్సఫోన్ సోలో కూడా ఏడులోనే. గిటార్ సోలో మొదలవగానే మీ చేయి తప్పుతుంది, కంగారుపడకండి. అక్కడ నడక నాలుగుకు మారింది. ఆ సోలో మధ్యలో ప్రతిధ్వని అంతా తీసేసి గిటార్‌ను పొడిగా వదిలేస్తారు, పక్కగదిలో వాయిస్తున్నట్టు చిన్నదైపోతుంది. మళ్ళీ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. సోలో అయ్యాక పాట తిరిగి ఏడులోకి దిగుతుంది.

రాగంముందు, బనశంకరి
తంబుర గారితో ఒక్కచోట విభేదిస్తాను. ఆలాపన అలవాటున్న చెవికి 1975 నాటి ‘విష్ యూ వర్ హియర్’ ముందు దగ్గరవుతుంది. తొలి ట్రాకు ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ శ్రుతి నిలిపినట్టు ఒకే స్వరం మీద మెల్లగా తెరుచుకుంటుంది. నాలుగు నిమిషాలు కావస్తుండగా గిటార్ మీద నాలుగే నాలుగు స్వరాలు వస్తాయి, పాట మొత్తానికీ పునాది అవే. గొంతు ఎనిమిది నిమిషాలు దాటాకగానీ రాదు. పాట ఎప్పుడొస్తుందని ఎదురుచూసేవాళ్ళకు అది విసుగు, రాగం వినేవాళ్ళకు ఎనిమిదీ తెలియవు.

అది సిడ్ బారెట్ గురించిన పాట. దాని పని నడుస్తుండగా 1975 జూన్ 5న బారెట్టే ఆబీ రోడ్ స్టూడియోకు వచ్చాడు. ఒళ్ళు వచ్చేసి, కనుబొమలు కూడా గీసేసుకుని ఉన్న మనిషిని పాత స్నేహితులు వెంటనే పోల్చుకోలేకపోయారు. ఇది తెలిసి వింటే ఆ నాలుగు స్వరాలు వేరేగా తాకుతాయి.

కొత్తచెవి, మారతహళ్ళి
చర్చ్ స్ట్రీట్ వైపు పాత రికార్డు దొరికితే కొనవచ్చా?

ముల్లు, ఫ్రేజర్ టౌన్
కొనవచ్చు, చూసి కొనండి. రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని తిప్పండి. కంటికి కనిపించినా గోటికి తగలని గీత పెద్దగా వినపడదు, గోరు పట్టుకునే గీత టక్కుటక్కుమంటుంది. ‘డార్క్ సైడ్’లో మొదటి వైపు చివరి పాటను తప్పక వేయించి వినండి. క్లేర్ టోరీ మాటల్లేకుండా గొంతెత్తే పాట అది, లోపలి గాడుల్లో ఉంటుంది, అరిగిన రికార్డు అక్కడే బరబరమంటుంది. బరువైన ముల్లున్న చవక సూట్‌కేస్ ప్లేయర్ మీద వేయొద్దు. మంచి టర్న్‌టేబుల్‌లో రికార్డు మీద ముల్లు మోపే బరువు చాలా కార్ట్రిడ్జ్‌లకు (ముల్లును పట్టుకుని ఉండే భాగం) 1.5 నుంచి 2 గ్రాముల మధ్య ఉంటుంది, మీ కార్ట్రిడ్జ్ కాగితంలో రాసిన అంకె పెట్టుకోండి.

తీగలపెట్టె, జయనగర్
ఈ రెండూ ఒంటబట్టాక 1971 ‘మెడిల్’లో రెండో వైపంతా నిండిన ‘ఎకోస్’, 23 నిమిషాలు. ఆ తర్వాత 1977 ‘యానిమల్స్’. 1979 ‘ద వాల్’ రెండు రికార్డుల కథ, సాహిత్యం ముందు పెట్టుకుని వినాలి. 1967 నాటి తొలి ఆల్బమ్‌ను అన్నిటికన్నా చివర్న వినండి, అది బారెట్ లోకం.

ముల్లు, ఫ్రేజర్ టౌన్
ఇంకొకటి. ‘విష్ యూ వర్ హియర్’ టైటిల్ పాట మొదట్లో గిటార్ పీలగా, ట్రాన్సిస్టర్‌లోంచి వస్తున్నట్టు ఉంటుంది. హెడ్‌ఫోన్ పాడైందని వైరు కదపకండి. కావాలనే అలా చేశారు, కాసేపటికి రెండో గిటార్ మీ పక్కనే కూర్చున్నట్టు నిండుగా అందుకుంటుంది.