వచనంలో అలంకారం శ్రుతి మించిందో లేదో మనకు మనం తేల్చుకునేదెలా?

అఫ్జల్‌గంజ్: నా కథ చదివి "భాష బరువుగా ఉంది" అని ఒకరంటే, "భలే కవిత్వం" అని ఇంకొకరంటున్నారు. నా అంతట నేను తేల్చుకోవడం ఎట్లా? నమూనాకి ఒక వాక్యం:

"సాయంసంధ్యా సమయపు బంగారు కాంతి చాయ్ గ్లాసుల మీద కరిగిన పుత్తడిలా జాలువారుతుండగా, యాదమ్మ గుండెలోతుల్లో పేరుకున్న మౌనవేదన కన్నీటి ముత్యమై రాలింది."

ఎర్రసిరా: ముందు పునరుక్తి ఏరండి. సాయం, సంధ్య, సమయం: మూడూ ఒకటే చెబుతున్నాయి. బంగారం వచ్చాక మళ్ళీ పుత్తడెందుకు?

తర్వాత క్రియ చూడండి. తెలుగులో క్రియ చివరికొస్తుంది కాబట్టి అప్పటిదాకా వచ్చిన విశేషణాలన్నీ పాఠకుడు మోస్తూ ఉండాలి. తీరా ఇక్కడ రాలింది ఏది? వేదన. యాదమ్మ చేసిన పనంటూ ఒక్కటీ లేదు. అసలు జబ్బు ఇదే, సమాసాల సంగతి తర్వాత.

ఒక పేజీ ప్రింట్ తీసి ప్రతి వాక్యంలో కర్తకీ క్రియకీ కింద గీత గీయండి. మధ్య దూరం పది పన్నెండు మాటలు దాటినచోట ఒక్కో విశేషణం తీసేసి చదవండి. అర్థమూ స్వరమూ మారకపోతే అది దండగ.

"చాయ్ గ్లాసుల మీద ఎండ వాలింది. యాదమ్మ అటూ ఇటూ చూసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది." ఆ అటూ ఇటూ చూడడంలోనే మీ మౌనవేదన వచ్చేసింది.

లాడ్‌బజార్: సగమే ఒప్పుకుంటా. పుత్తడి యాదమ్మ కళ్ళకి తట్టే వస్తువేనా అన్నది చూడాలి. ఆమె చార్మినార్ పక్కన లక్కగాజులు చేసే మనిషి అనుకోండి. లక్క సెగకి మెత్తబడడం, చల్లారేలోగా రాళ్ళు అద్దడం రోజూ ఆమె చేతిలో పని. "ఎండ లక్కలా మెత్తబడింది" అంటే అది ఆమె చూపు. పుత్తడి అంటే రచయిత చూపు.

ఇంకోటి మోతాదు. బస్సు టికెట్ కొన్న వాక్యానికీ చావు కబురు వాక్యానికీ ఒకే హంగు చేస్తే చావు కబురు తేలిపోతుంది. పోలికలన్నిటికీ రంగు పెన్సిల్‌తో గీత పెట్టండి. రంగు పేజీ అంతా సమంగా పరుచుకుంటే అనుమానించాల్సిందే.

అఫ్జల్‌గంజ్: తీసేస్తూ పోతే చప్పగా అవుతోందన్నా. "వచ్చింది. కూర్చుంది. చూసింది."

ఎర్రసిరా: అది కోత ఎక్కువైన లక్షణం. వరసగా అన్నీ "ది"తో ముగిస్తే చెవికి మోతే. "వచ్చి కూర్చుంది" అని రెంటిని కలపండి. ఒకదానికి క్రియే వద్దు: "చేతిలో ఖాళీ గ్లాసు." ఫోన్ చేత చదివించి వినండి, అది మీలా రాగం తీయదు, అతుకులన్నీ బయటపడతాయి.

లాడ్‌బజార్: యాదమ్మ "గిట్ల జేస్తె ఎట్ల" అంటుంటే పక్క వాక్యంలో కథనం "విషణ్ణవదనయై" అనకూడదు, రెండు గొంతులూ ఇమడవు. అలాగని అతి అంతా గ్రాంథికం వల్లే అనుకోకండి. గిడుగు రామమూర్తి పోరాడింది గ్రాంథికంతో, అలంకారంతో కాదు. "గుండె చెరువైంది, గొంతు పూడుకుపోయింది, కళ్ళు చెమర్చాయి": అన్నీ వాడుక మాటలే, మూడూ ఒకే ఏడుపు. ఒకటి ఉంచి రెండు కొట్టేయండి.