ఎయిర్‌ఫైబర్ షేర్లు: ఏం చూసి కొనాలి?

గుణుపూర్_వాసి: రాయగడ, గుణుపూర్ వైపు కేబుల్ లాగలేని చోట్ల కూడా మేడల మీద ఎయిర్‌ఫైబర్ (కేబుల్ బదులు టవర్ సిగ్నల్‌తో ఇంటికి ఇంటర్నెట్) డబ్బాలు కనిపిస్తున్నాయి. ఈ వ్యాపారంలో పెట్టుబడికి ఏ లెక్కలు చూడాలి?

లెక్కలమాస్టారు: జియో కోసం రిలయన్స్ కొంటే రిఫైనరీ, రిటైల్ కూడా కలిసే వస్తాయండి. ఎయిర్‌టెల్‌లో టెలికాం వాటా ఎక్కువ, ఆఫ్రికాతో సహా. దాని త్రైమాసిక ఫలితాల్లో ‘హోమ్స్’ (ఇళ్ల ఇంటర్నెట్) విభాగం విడిగా ఉంటుంది. కొత్త కనెక్షన్లు, కనెక్షన్‌కి నెల రాబడి, క్యాపెక్స్ (నెట్‌వర్క్, పరికరాలపై పెట్టే ఖర్చు) పక్కపక్కన రాసుకోండి. కనెక్షన్లు పెరుగుతూ నెల రాబడి జారుతోందంటే రేటు తగ్గించి అమ్ముతున్నారేమో చూడాలి.

టవర్_పని: అసలు మెలిక సామర్థ్యంలో ఉంది. 5జీ మీద నడిచే ఇంటి కనెక్షనూ, వీధిలో ఫోన్లూ టవర్‌లో ఒకే వైపు చూసే యాంటెన్నా పరిధిని, అంటే ఒకే సెక్టార్‌ని పంచుకుంటాయి. జియో తన కేబుల్ కనెక్షన్ జియోఫైబర్‌కి నెలకి 3300 జీబీ ఇచ్చి, ఎయిర్‌ఫైబర్‌కి 1000 జీబీ దగ్గర ఆపింది ఊరికే కాదు. మన కొండల్లో టవర్‌కి ఫైబర్ లేక టవర్ నుంచి టవర్‌కి రేడియోతో డేటా పంపే మైక్రోవేవ్ లింకే దిక్కయితే, రాత్రిపూట వేగం పడిపోతుంది. డబ్బా మార్చినా లాభముండదు. 5జీకి వాడే 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో డేటాకి చోటు బోలెడు, కానీ చెట్టు కొమ్మ అడ్డొచ్చినా సిగ్నల్ నీరసిస్తుంది. ఇంకోటి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల్లో లైసెన్సు లేని బ్యాండ్‌పై నడిచే యూబీఆర్ కనెక్షన్లని 5జీతో కలిపేయకండి.

గుణుపూర్_వాసి: పరికరాలు చేసేవాళ్లో, మాస్టారూ?

లెక్కలమాస్టారు: టెలికాం పరికరాలు చేసే హెచ్‌ఎఫ్‌సీఎల్ లాంటివా? వాటికి ఆర్డర్లే ప్రాణం, ఒక ఏడాది పొంగు, మరో ఏడాది ఎండు. లాభం కన్నా ముందు రావాల్సిన బాకీలు, ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో (వ్యాపారం నుంచి చేతికొచ్చే నగదు) చూడండి.